ఏ పొట్లంలో ఇనుముందో

"నాలుక ఎత్తు," అంది డోర్సిలా.

రిస్పా నోరు తెరిచి, నాలుక ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూపించింది. మాత్ర లోపలికి పోయింది. బుగ్గ మూల మాత్రం బూడిదరంగు ఒడోవా ముక్క కనబడింది. ఆ సరస్సు ఊళ్లలో కడుపుతో ఉన్న ఆడవాళ్లు వక్కలా నమిలే మెత్తరాయి అది.

"రాయి నములుతుంటే మాత్ర ఏం ఒంటబడుతుందే? ఉమ్మెయ్."

"నీ మాత్రకంటే ఇదే రుచి, అవ్వా!"

డోర్సిలా నవ్వి కాగితంమీద టిక్కు పెట్టింది. ఆవిడకు అరవై ఒకటి. పొడుగాటి మనిషి, బీటలు వారిన మడమలు. ఈమధ్య సాయంత్రానికి పాదాలు ఉబ్బుతున్నాయి, గుట్ట ఎక్కితే ఆయాసం. చంకన రేకు డబ్బా, అందులో పదకొండుమంది గర్భిణులకు పదకొండు పొట్లాలు. సరస్సు ఒడ్డు నుంచి గుట్టదాకా రోజూ నడిచి, ఒక్కొక్కరిచేతా కళ్లెదుట మింగించాలి. చేపలు ఎండబెట్టిన ఇరవై ఏళ్లలో ఆవిడకోసం ఎవరూ గుమ్మంలో ఎదురుచూడలేదు. ఈ డబ్బా పట్టాక చూస్తున్నారు.

ఇదో పరీక్ష: సగం పొట్లాల్లో ఇనుము మాత్రలు, సగంలో ఉత్త పిండి మాత్రలు. ఏది ఏదో కిసుము పట్నం నుంచి వచ్చే డాక్టరుకే తెలియదట. ఇనుము బిడ్డకు బలమా, దోమజ్వరానికి మేతా అన్నది తేలేదాకా ఆ లెక్క తాళంలోనే ఉంటుందట.

"మీకే తెలియంది మాచేత మింగిస్తారా?" అని మొదటిరోజే ఆయన్ని అడిగేసింది.

"తెలియకే కదమ్మా," అన్నాడాయన.

ఆ జవాబు ఆవిడకు నచ్చింది. తెలియదని ఒప్పుకున్న చదువుకున్నవాణ్ణి చూడటం అదే మొదలు.

ఆ తాళం నీళ్లరేవు ఆడవాళ్లముందు పదిరోజులైనా నిలవలేదు. "దొడ్డికెళ్తే తెలిసిపోతుంది అవ్వా! నల్లగా పోతే ఇనుము, లేకపోతే పిండి!" అని ఒకటే నవ్వులు. వినకూడదన్నది రూలు. వినాలని డోర్సిలాకు ప్రాణం పీకేది.

చివరి ఇల్లు కోడలు మిల్కాది. ఎనిమిదో నెల. ఇంతకుముందు ఇద్దరు పుట్టారు, ఇద్దరూ రెండు కిలోలు తూగలేదు, ఇద్దరూ దక్కలేదు.

మిల్కా మాత్ర మింగి నేలచూపులు చూసింది. "నాకు నల్లగా పోవట్లేదు, అత్తా. నాకు ఉత్త పిండే పెడుతున్నావు."

డోర్సిలా చెయ్యి దానంతటదే నడుంగుడ్డ ముడిమీదికి పోయింది. సంతలో కొన్న ఇనుప మాత్రల పట్టీ నెల్లాళ్లుగా ఆ ముడిలోనే ఉంది. పది మాత్రలు. ఒకటి తుంపి ఇస్తే ఎవరు చూడొచ్చారు?

ముడి సగం విప్పింది. మళ్లీ బిగించింది.

"పోయినవారమే నీకు దోమజ్వరం తగ్గింది. ఇనుము నీకు తిండో, ఆ జ్వరానికి తిండో నాకు తెలీదే. తెలిస్తే నా చేత్తో నేనే మింగించనూ?"

"మరి బిడ్డ?"

"రేపు నాతో ఆసుపత్రికి రా. వేలు గుచ్చి రక్తం చూస్తారు, తక్కువుంటే వాళ్లే ఇస్తారు. ఇవిగో ఎండు చేపలు, తలలతో సహా తిను. మళ్లీ రాయి నమిలావంటే చూడు!"

మిల్కా నవ్వింది. ఆ నవ్వు చూసి డోర్సిలా తేలికపడి ఇంటిదారి పట్టింది. దారిలో మూడుచోట్ల ఆగి కూర్చుంది.

పొద్దు వాలుతుండగా మిల్కా చేపలకూర గిన్నెలో పెట్టుకుని వచ్చింది. డోర్సిలా వాకిట్లో గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని ఉంది. ఒళ్లో డబ్బా, పక్కన మీగడ కట్టిన టీ. "అత్తా," అని రెండుసార్లు పిలిచింది. భుజంమీద చెయ్యి వేస్తే ఒళ్లు చల్లగా తగిలింది. అక్కడే కూలబడి బావురుమంది.

ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చి పెద్దావిణ్ణి పడుకోబెట్టి నడుంగుడ్డ వదులుచేశారు. ముడిలోంచి పట్టీ జారి మిల్కా ముందు పడింది. నెల్లాళ్ల నడకకు రేకు నలిగి మెరుపు పోయింది. పది మాత్రలూ ఉన్నాయి, ఒక్కటీ తుంపలేదు.