మణెమ్మ నోట రాని పేరు

మెదడుకి రక్తం తీసుకెళ్లే మెడ నాళం లోపల పెచ్చు కట్టి మూసుకుపోతుంటే, దాన్ని కోసి లోపల గీకి శుభ్రం చేయాలి. అంతసేపూ క్లిప్పు పెట్టి అటువైపు రక్తం ఆపాలి. రెండో వైపు నుంచి వచ్చేది మెదడుకి చాలకపోతే, క్లిప్పు దాటేలా సన్న గొట్టం పెట్టి రక్తం పంపాలి. చాలుతోందా లేదా అని కనిపెట్టడం మత్తు డాక్టర్ని గనక నా పని. అందుకే మణెమ్మను నిద్రపుచ్చలేదు. మెడకి మాత్రమే మత్తిచ్చి, కుడిచేతిలో పిల్లల రబ్బరు బాతు పెట్టాను. నొక్కమన్నప్పుడల్లా నొక్కాలి, అడిగినదానికి జవాబివ్వాలి.

ముందురోజు అన్నీ గడగడా చెప్పింది గానీ, మొగుడి పేరడిగితే నన్నే కసిరింది.

"పెనిమిటి పేరు చెప్తరా డాక్టరమ్మా? ఆయుష్షు తగ్గుతది."

పక్కనే ఉన్న ఆమె మొగుడు కిష్టయ్య ముసిముసిగా నవ్వాడు.

మా ఆసుపత్రి ఇబ్రహీంపట్నంలో ప్లాట్ల బేరాలతో పాటే లేచింది. సర్జన్ రమాకాంత్‌కి ఆత్రం ఎక్కువ, నాకు కోపం ఎక్కువ. ఆపరేషన్ రోజున అతను క్లిప్పు పెట్టాడు.

"మణెమ్మా, పొలంలో ఏం వేసేవారు?" అన్నాను.

"వరి. ఇప్పుడేమున్నది, అన్నీ ప్లాట్లే." బాతు కీచుమంది.

"పిల్లలు?"

"ఒక్కతే బిడ్డ. నవత." మళ్లీ కీచుమంది.

రమాకాంత్ తలెత్తకుండానే, "మీ ఆయన పేరు?" అన్నాడు.

అది అడక్కు మహానుభావా అనబోయాను.

"కిష్టయ్య," అంది మణెమ్మ, స్పష్టంగా.

"బ్రహ్మాండం!" అన్నాడతను.

నేను అరిచాను. "బ్రహ్మాండం నీ మొహం. గొట్టం పెట్టు. పైకి రక్తం పంపు."

"పిచ్చా నీకు, కిరణ్మయీ? సరిగ్గానే చెప్పిందిగా. గొట్టం తోసేటప్పుడు పెచ్చు ఊడి మెదడులోకి పోతే ఆ పాపం ఎవరిది?"

"నాదే! తెలివిలో ఉంటే చచ్చినా ఆ పేరు చెప్పదు. పెట్టవయ్యా!"

అతను ఇంకా సందేహిస్తున్నాడు. నేను నొక్కమన్నాను. మణెమ్మ నొక్కలేదు. వేళ్లు వదులై బాతు కిందపడింది.

రమాకాంత్ ఇక వాదించలేదు. గొట్టం గుండా రక్తం పారింది. కాసేపటికి వేళ్లు కదిలాయి గానీ, ఆపరేషన్ ముగిసేదాకా మాట రాలేదు. పెచ్చు ఊడిందేమో, నేనే తొందరపెట్టి మాట పోగొట్టానేమో అని భయంతో చచ్చాను.

సాయంత్రం ఆమె కళ్లు తెరిచింది. రమాకాంత్ మంచం మీదికి వంగి మళ్లీ అదే అడిగాడు.

"మీ ఆయన పేరు?"

మణెమ్మ మొగుడి వైపు చూసింది. కిష్టయ్యకి ఏడుపొచ్చింది. "జర చెప్పవే! ఏం కాదు, నా పేరు చెప్పు!"

మణెమ్మ కుడిచెయ్యి మెల్లగా లేచింది. దుప్పటి అంచు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏందయ్యా, సారుకైతే తెల్వదు. నీకు గూడ తెల్వదా?"

కిష్టయ్య గోడకి చేరగిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. నాకూ ఏడుపు ఆగలేదు. మణెమ్మ నా కొంగు పట్టి దగ్గరికి లాగింది.

"లోపట నేనేమన్న అన్ననా? ఆయన పేరు నోట్లకెళ్లి వచ్చినట్టు యాదికొస్తున్నది." ఆమె కళ్లలో భయం.

రమాకాంత్ ఏదో చెప్పబోయాడు. అతని కాలు గట్టిగా తొక్కాను.

"లేదమ్మా," అన్నాను. "ఎంత అడిగినా చెప్పలేదు."