సముద్రం ఏ పక్క

2002 నవంబరు 30, శనివారం మధ్యాహ్నం రెండు గంటలకి పెదగరువు ఉన్నత పాఠశాల ఎనిమిదో తరగతి పిల్లలు ఇద్దరు కనబడటం లేదని తేలింది. ఒకరు నిఖిత, ఇంకొకరు దుర్గాశ్రీ. ఇద్దరూ హాస్టలు పిల్లలే. జూన్‌లో చేరారు. నిఖితది మండపేట, దుర్గాశ్రీది రావులపాలెం.

సముద్రం ఒడ్డున సరుగుడు తోటలో సోషల్ టీచరు సుందరి పులిహోర పొట్లాలు పంచింది. రెండు మిగిలాయి. నడవలేక వెనకబడ్డారేమో, వస్తారులే అనుకుంది. ఒంటిగంటకి డ్రిల్లు మాస్టారు కొండబాబుని సైకిలు మీద బడి దాకా పంపింది. రెండింటికి ఆయన తిరిగొచ్చాడు.

"దారిలో లేరండి. హాస్టల్లోనూ లేరండి."

"సరిగ్గా చూశారా?"

"కాలవ గట్టు కూడా చూసొచ్చేనండి."

సుందరి చేతిలో పొట్లాలు ఇంకా అలాగే ఉన్నాయి. వాటిని ఇసకలో పెట్టింది.

ఆ రోజు పెట్టింది పటం పరీక్ష. పటం గీయడం, దిక్కులు గుర్తించడం, స్కేలు ప్రకారం దూరం లెక్కకట్టడం వారం రోజులుగా చెప్పింది. బడి నుంచి సముద్రం దాకా దారి తనే గీసి జిరాక్సులు తీయించింది. ఇద్దరికో పటం, ఒక దిక్సూచి ఇచ్చింది. షరతు ఒకటే. దారిలో ఎవర్నీ ఏదీ అడగకూడదు, ఎవరితోనూ మాట్లాడకూడదు. అడిగినవాళ్ళకి మార్కుల్లేవు. పది గంటలకి బడి ముందరి వంతెన దగ్గర నుంచి ఒక్కో జంటనీ ఐదేసి నిమిషాల తేడాతో వదిలింది. మొత్తం ఆరు జంటలు. చివరి జంట వీళ్ళిద్దరు. వీళ్ళు వంతెన ఎక్కగానే తను కొండబాబు సైకిలెక్కి అడ్డదారిన ఒడ్డుకి వచ్చేసింది. మిగతా పది మందీ పన్నెండు కాకుండానే వచ్చేశారు.

రెండుంబావుకి హెడ్మాస్టరు గోవిందరాజులు మోపెడ్ మీద వచ్చాడు. అప్పటికే పల్లెలో మనుషులు ఒడ్డుకి చేరారు. బోట్ల యజమాని దొరబాబు నలుగురు మనుషుల్ని నీళ్ళ అంచున పెట్టాడు.

"పిల్లలు నీళ్ళలోకి దిగడం ఎవరన్నా చూసేరా?" అని అడిగాడు దొరబాబు.

ఎవరూ చూడలేదు.

"ఊళ్ళో పిల్లలైతే దిగినా తెలుస్తాదండి. పైనుంచి వచ్చిన పిల్లలు. సముద్రం ఎప్పుడూ చూసుండరు. కాళ్ళు తడుపుకుందామనే దిగుతారు. ఇక్కడ గుంట ఉంటాదని ఆళ్ళకేం తెలుస్తాదండి?"

అంతలో ఎవరో అరిచారు. ఇసకలో నీలం రిబ్బను దొరికింది. బడి యూనిఫారం రిబ్బను. సగం తడిసి ఉంది. అది ఏడ్చి ఏడ్చి ముడి ఊడగొట్టుకున్న క్లాసు పిల్ల అమ్మాజీదని తర్వాత తేలింది. కానీ ఆ నిమిషాన దాన్ని చూసిన సుందరి ఇసకలో కూర్చుండిపోయింది.

గోవిందరాజులు ఆమె పక్కనే నిలబడ్డాడు. "సుందరమ్మగారూ, హాస్టలుకి ఫోను చేసి ఆళ్ళ అమ్మానాన్నల్ని పిలిపించమంటారా?" అన్నాడు.

రెండు బోట్లు నీళ్ళలోకి తోశారు.

పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, ఎవరు ఎవర్ని ఎక్కడ చూశారో అడగడం మొదలుపెట్టింది సుందరి. ఏదో ఒకటి చెయ్యకపోతే ఆ రిబ్బను వైపే చూస్తూ ఉండిపోయేది. ఆ ఇద్దర్నీ వంతెన దాటాక చూసినవాళ్ళు లేరు. చివరికి దొరబాబు కొడుకు అంజిబాబు వంతు వచ్చింది.

"నువ్వు ఏ గుర్తులు చూసుకుంటూ వచ్చావు?"

"పటం చూళ్ళేదండి."

"మరి?"

"సముద్రానికి రావడానికి పటమెందుకండి? మా ఇల్లు ఇక్కడే గదండి."

పక్కనున్నవాళ్ళు నవ్వి, వెంటనే మానేశారు.

"దిక్సూచి అన్నా చూశావా?"

"ఆయ్. మొదట చూసేనండి. అది పాడైపోయిందండి. జేబులో పెట్టేసుకున్నాను."

"పాడవడమేమిటి?"

"సముద్రం వేపు నడుస్తుంటే ముల్లు ఎడం చేతి పక్కకి ఉంటాదన్నారు గదండి మీరు. అది నా వీపు వేపు చూపించిందండి. దారి పొడుగూతా వీపు వేపే."

సుందరి చెయ్యి చాచింది. అంజిబాబు దిక్సూచి ఇచ్చాడు. ఆమె సముద్రానికి ఎదురుగా నిలబడి అరచేతిలో పెట్టుకుంది. ముల్లు ఊగి ఆగింది. ఉత్తరం ఆమె వెనక ఉంది.

అంజిబాబు పటం అడిగి తీసుకుంది. మడత విప్పలేదు వాడు. విప్పి చూసింది. ఎడమ పక్క బడి, దాని ముందు కాలవ, వంతెన. వంతెన దగ్గర నుంచి కుడి పక్కకి దారి. దారి మీద గుడి. కుడి అంచున, జిరాక్సు తీశాక నీలం పెన్సిలుతో దిద్దిన అలలు. పైన మూల బాణం గుర్తు, దాని నెత్తిన ఉ అనే అక్షరం.

ఆమె మండపేట మనిషి. రాజోలులో అద్దెకుంటూ రోజూ బస్సులో వస్తుంది. తరగతి గదిలో గోడకి వేలాడే రాష్ట్రం పటంలో సముద్రం కుడి పక్కనే ఉంటుంది. తన పటంలోనూ ముందు సముద్రాన్ని కుడి పక్కన గీసింది. దారి గీసింది. అంతా అయ్యాక, పటమన్నాక పైన ఉత్తరం ఉండాలి కాబట్టి బాణం పెట్టింది. హెడ్మాస్టరు చూసి సంతకం పెట్టాడు. కొండబాబు చూసి బాగుందన్నాడు. ఆయన పుట్టింది ఇక్కడే. బాణం వైపు చూసే అవసరం ఆయనకి ఏనాడూ రాలేదు. ఈ ఊళ్ళో సముద్రానికి వెళ్ళేవాళ్ళు దిగువకి వెళ్తున్నామంటారు, అంతే. క్వార్టర్లీ పరీక్షలో సముద్రం ఏ దిక్కున ఉందని అడిగితే క్లాసంతా తూర్పని రాసింది. సుందరి అందరికీ మార్కు వేసింది. పుస్తకంలో సముద్రం వేరు, తమ వాకిట్లో సముద్రం వేరు అన్నట్టే రాశారు పిల్లలు.

"కొండబాబుగారూ, సముద్రం మనకి దక్షిణం కదండీ?"

"ఆయ్, దక్షిణమేనండి. అదేంటండి అలా అడుగుతున్నారు?"

ఆమె పటాన్ని నేల మీద పరిచి, బాణాన్ని ముల్లుతో కలిపి, వారం రోజులుగా పిల్లలకి చెప్పినట్టే తిప్పింది. నీలం అలలు తూర్పు వైపుకి తిరిగాయి.

"వంతెన దగ్గర తూర్పుకి దారుందా?"

"కాలవ గట్టు వెంట ఉందండి. కొబ్బరి తోటల్లోకి."

"దాని మీద గుడి ఉందా?"

"గుడి లేని దారి ఎక్కడుందండి? రామాలయం ఉంది."

"మూడు కిలోమీటర్లు నడిస్తే?"

"తోటలైపోయాక పాడుబడ్డ రొయ్యల చెరువులండి. ఆ పైన పర్ర. ఉప్పునేల, ఏమీ పండదు. మజ్జిలో ఉప్పుటేరు. పొద్దున్న పాటు మీద నీళ్ళు తీసేసి మడమల్లోతే ఉంటాది, దాటేయొచ్చు." ఆయన నీళ్ళ వేపు చూశాడు. "ఇప్పుడు పోటండి, నీళ్ళు పెరిగిపోతాయి."

సుందరి లేచి దొరబాబు దగ్గరికి వెళ్ళింది.

"బోట్లు వెనక్కి పిలవండి. పిల్లలు ఇక్కడికి రాలేదు. పర్ర వేపు వెళ్ళారు."

"రిబ్బను ఇక్కడ దొరికితే పర్రలో వెతకమంటారేంటండి?"

"నేను పటం తప్పు గీశానండి. దాన్ని నమ్మి నడిచింది వాళ్ళిద్దరే."

చుట్టూ ఉన్నవాళ్ళు ఆమెనే చూశారు. ఒకావిడ, "పంతులమ్మకి సముద్రం ఎక్కడుందో తెలీదంట," అంది పక్కావిడతో. వినబడేలాగే అంది. గోవిందరాజులు పటం అందుకుని చూశాడు. కిందనే తన సంతకం ఉంది. కళ్ళజోడు తీసేసి, "దొరబాబూ, ఆవిడ చెప్పినట్టు చెయ్యి. ఒక బోటు ఇక్కడ ఉంచు. నువ్వు పర్రకి పద," అన్నాడు.

దొరబాబు మోటారు సైకిలు తీశాడు. వెనక సుందరి, కొండబాబు ఎక్కారు. ముగ్గురూ వంతెన దాకా వచ్చి తూర్పుకి తిరిగారు. తోటల చివర ఆఖరి ఇల్లు మంగాయమ్మది. ఆవిడ వాకిట్లో కొబ్బరి పీచు ఎండబెడుతోంది.

"ఇద్దరాడపిల్లలు ఇటొచ్చేరా మామ్మగారూ?" అన్నాడు కొండబాబు.

"వచ్చేరు. పొద్దున్న. కాయితం చూసుకుంటా పోతన్నారు. ఎక్కడికమ్మా, అటేముందని పిలిచేను. మాట్లాడకూడదని ఒకమ్మాయి నోటి మీద ఏలెట్టుకుని సైగ చేసి ఎళిపోయింది. ఇదేం చదువమ్మా అనుకున్నాను."

సుందరి ఆవిడ గుమ్మం పట్టుకుంది. కొండబాబు, "రండమ్మా," అన్నాడు.

రొయ్యల చెరువుల గట్ల మీద బండి వెళ్ళదు. నడిచారు. ఉప్పుటేటి దగ్గర తాటి దోనె ఒకటి కట్టి ఉంది. దొరబాబు గడ కర్ర నీళ్ళలోకి గుచ్చి చూశాడు. కర్ర అతని ఎత్తుంది, ముప్పాతిక మునిగింది. సుందరి దోనె ఎక్కబోతే, "మీరిక్కడే ఉండండమ్మా, మునుగుద్ది," అన్నాడు. ఆమె ఎక్కింది.

అవతల పర్రంతా నీళ్ళు. మధ్యలో గండిపడిన చెరువు తూము. తూము మీద రెండు తలలు కనిపించాయి. కొండబాబు ఒడ్డు నుంచే ఈల ఊదాడు. ఒక తల కదిలింది.

దోనె దగ్గరికి వెళ్ళేసరికి పిల్లలు తూము పలక మీద నిలబడి ఉన్నారు. నీళ్ళు పలక దాటి వాళ్ళ మోకాళ్ళకి వచ్చాయి. దుర్గాశ్రీ నిఖిత భుజం మీద వాలి ఉంది. నిఖిత ఒక చేత్తో దాన్ని పట్టుకుని, రెండో చేత్తో దిక్సూచి ఎత్తి పట్టుకుంది. పటం నీళ్ళలో పోయింది.

"మేడంగారూ, మేం ఎవర్నీ అడగలేదండి," అంది నిఖిత.

సుందరి దుర్గాశ్రీని రెండు చేతులతో ఎత్తి దోనెలో కూర్చోబెట్టింది. పిల్ల కాలి కింద నీళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇంకా ఎంత దూరమండి సముద్రం?" అని అడిగింది నిఖిత, దోనెలోకి దిగుతూ.

"దక్షిణాన ఉందమ్మా. తప్పు నాది," అంది సుందరి.

నిఖిత దిక్సూచి చూసుకుంది. తల తిప్పి దక్షిణం వైపు చూసింది. అటు కొబ్బరి తోటలు మాత్రమే కనబడుతున్నాయి.

నాలుగూ నలభైకి దోనె ఇవతలి ఒడ్డుకి చేరింది. ఏరు దాటాక ఆల్చిప్ప కోసుకుని దుర్గాశ్రీ అరికాలు చీలింది, అందుకే వెనక్కి నడవలేకపోయారు. రాజోలు ఆసుపత్రిలో ఆరు కుట్లు వేశారు. నిఖితకి గాయాలు లేవు.