సౌండు ఆపేసి నేర్చుకున్న సంగీతం

మా అక్క ఆన్‌లైన్‌లో సంగీత చరిత్ర కోర్సులో చేరి, పాఠాలన్నీ సౌండు ఆపేసి విన్నది. ఆమె పక్కనే మనవరాలు ఉయ్యాలలో నిద్రపోతుంటుంది. సౌండు పెడితే పాప లేస్తుంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే పాప ఏడుపు వినబడదు. అందుకని తెర కింద వచ్చే అక్షరాలు చదువుకుంటూ పోయింది. ఏ వాయిద్యం ఎప్పుడు పుట్టిందో అడిగితే గడగడా చెబుతుంది కానీ, దాని మోత ఒక్కసారీ చెవిన పడలేదు.

కోర్సు చివర్లో మాత్రం పాటలు విని జవాబులు రాయాల్సిన పరీక్ష. అది గట్టెక్కితేనే సర్టిఫికెట్టు. దాన్ని తగిలించడానికి గోడకు మేకు కూడా కొట్టించి పెట్టుకుంది. పరీక్ష రోజు కూతురు ఆఫీసుకు సెలవు పెట్టి పాపను పార్కుకు తీసుకెళ్లింది.

తిరిగొచ్చేసరికి అక్క కంప్యూటర్ ముందు కళ్లు మూసుకుని కూర్చుని ఉంది.

"పాసయ్యావా అమ్మా?"

"లేదే. పోయింది."

"అదేంటి, అన్నీ నోటికొచ్చుగా నీకు?"

"వచ్చులే. ఎంత బాగుందో, అలా వింటూ కూర్చుండిపోయా. టైమైపోయింది. ఒక్క ముక్క రాస్తే ఒట్టు."

కూతురు తల పట్టుకుంది. "మరి ఆ మేకు?"

"నీ హ్యాండ్‌బ్యాగు తగిలించుకో. వచ్చే వారం మళ్లీ రాయనిస్తారట. ఆ రోజు కూడా సెలవు పెట్టు."

"అప్పుడైనా రాస్తావా?"

"చూద్దాం, ఏ పాట పెడతారో."