పదిహేడిళ్ల ఒప్పుకోలు

మధ్యాహ్నం రెండయింది. మల్లక్క మగ్గం పొద్దున్నుంచి కదల్లేదు. ముప్పాతిక నేసిన చీర పడుగు మీదే ఆగిపోయింది. అంచు పూల దారాలు ఎత్తే కరెంటు జకార్డు పెట్టె నెత్తిమీద చెడిపోయి ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. శనివారానికి చీర ఇవ్వకపోతే షావుకారు ఆమెకు మళ్లీ నేతకు పడుగు నూలు ఇవ్వనన్నాడు. రోజుకు నాలుగు వందల కూలి పడే ఆ ఇంట్లో నేసేది ఆమె ఒక్కతే. ఈరోజు గురువారం.

పక్కన బొజ్జన్న పెట్టె కంపెనీకి ఫోను చేసి, స్పీకరులో పెట్టుకుని ఉన్నాడు. వీధిలో ఆ పెట్టెలు కొన్న పదిహేడిళ్లవాళ్లూ కంపెనీకి తమ నెంబరు ఇవ్వకుండా అతని నెంబరే ఇచ్చారు. ఇవ్వరా మరి? మంత్రాలయం బస్సులో ఒక తెల్లదొరతో తాను ఇంగ్లీషు మాట్లాడితే, ఎమ్మిగనూరులో దిగేసరికి ఆ దొర తన ఇంగ్లీషు తానే మరిచిపోయాడని చెప్పుకున్న మనిషి అతను. వీధంతా నవ్వింది. నవ్వుతూనే నమ్మింది.

ఫోనులో అమ్మాయి మర్యాదగానే చెప్పింది. మూడేళ్లు మెకానిక్ ఇంటికొస్తాడన్నది పాత షరతు. పోయిన నెల మార్చారు. ఇకమీద పెట్టె విప్పి కర్నూలుకు తెచ్చుకోవాలి. పదిహేడుమందీ ఒప్పుకున్నారు.

"ఎవురొప్పుకున్యారు?" అంది మల్లక్క.

"మీరిచ్చిన నెంబరు నుంచే ఓకే వచ్చిందండీ."

బొజ్జన్నకు పోయిన నెల సంగతి గుర్తొచ్చింది. టీ అంగడి దగ్గర తాను చిరుతపులికి బీడీ ముట్టించిన కథ మంచి పట్టులో ఉండగా ఫోనుకు వరసగా మెసేజీలొచ్చాయి. ఒక్కోదాని కింద ఎర్ర గుర్తొకటి, పచ్చ గుర్తొకటి. పచ్చది మేలనుకుని పదిహేడుసార్లు నొక్కి, మళ్లీ పులి దగ్గరికి వెళ్లిపోయాడు.

పెట్టె విప్పితే దానికి కట్టిన వందల దారాలూ విప్పాలి. తిరిగి కట్టడానికే నాలుగు రోజులు.

కర్నూలుకు తెస్తామని ఇంకో మెసేజికి ఓకే నొక్కమంది అమ్మాయి. ఫోను టింగుమంది. గడపలో నిలబడ్డ పక్కింటి సోమన్న, కానిమ్మన్నట్టు తలూపాడు.

"నేను నొక్కను," అన్నాడు బొజ్జన్న. "నాకు సదువు రాదు మల్లక్కా. పోయిన నెల గూడ ఏముండాదో తెలీకనే నొక్కినా."

సోమన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. "పులి కత కన్నా ఇదే బాగుండాదప్పా."

మల్లక్క నవ్వలేదు. బొజ్జన్న ముఖంలోకి ఒకసారి చూసింది. తరవాత ఫోను వైపు వంగింది.

"అమ్మా, నన్నెవురూ అడగల్యా, నేను ఒప్పుకోల్యా. నా మిషను ఇప్పను. మీరు ముందు సెప్పినట్ల మనిషినే ఈడికి పంపండి."

అలా కుదరదండీ అని అమ్మాయి అంటుండగానే లైను తెగిపోయింది.

"తిడితే తిట్టు, అక్కా," అన్నాడు బొజ్జన్న.

"తిట్టేకి నాకు పొద్దు ల్యా. మిగిలిన పదారిండ్లకు నువ్వే పోయి, తెలీకుండ నొక్కినానని సెప్పు. వాళ్ల మిషన్లు ఇంగా ఆడతాండాయి."

బొజ్జన్న లేచి వీధిలోకొచ్చాడు. మొదటి ఇంట్లో మగ్గం గుంతలో కూర్చున్న హులిగెమ్మ అతణ్ణి చూసి చేతిలో పని ఆపింది. ముఖం విప్పారింది. గుంతలోంచి పైకొచ్చి చాప దులిపి పరిచింది.

"రా బొజ్జన్నా, కూసో. ఈ పొద్దు ఏం కత తెచ్చినావు?"