మూడో మెట్టు పలకని పెట్టె

నేనొక హార్మోనియం పెట్టెను. మొదటే చెప్పేస్తున్నాను, నాకు ఓపిక తక్కువ. గుడివాడలో ఒక దుకాణం అద్దాల బీరువాలో పదకొండేళ్ళు కూర్చుని మనుషుల వాయిదాలు వింటే మీకైనా అంతే మిగులుతుంది.

పుట్టుక మాత్రం మంచిదే. ఏలూరు వైపు ఒక వడ్రంగి పాత టేకు తలుపుల చెక్కతో నా ఒళ్ళు కట్టాడు. లోపల స్వరం పలికే ఇత్తడి రీడ్లు గుజరాత్ నుంచి వచ్చాయి. వేలితో నొక్కే ప్రతి మెట్టుకూ రెండేసి రీడ్లు. ఒకటి పలుకుతుంటే రెండోది దానికి తోడు పలుకుతుంది. నన్ను శ్రుతి చేసిన ముసలాయన మెట్లన్నీ వరసగా నొక్కి, కళ్ళు మూసుకుని విని, "దీనికి గొంతు కుదిరిందిరా" అన్నాడు. ఆ ఒక్క మాటకే పొంగిపోతూ దుకాణానికి వచ్చాను.

దుకాణం పేరు నాదసుధ వాద్య భాండారం. యజమాని పానకాలు. చెడ్డవాడైతే నాలుగు తిట్టుకుని ఊరుకునేదాన్ని, కాడు. డోలుకు తోలు బిగించడం తెలుసు, వయొలిన్ తీగను చెవితోనే సరిచేయడం తెలుసు, వ్యాపారం ఒక్కటే తెలియదు. లేదు అనే మాట ఆయన నోట పలకదు. తీగలున్నాయా అంటే శుక్రవారానికి వస్తాయనేవాడు. డోలు కర్రలున్నాయా అన్నా శుక్రవారమే. ఏ శుక్రవారమో ఆయన చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు. ఈయన బాకీలు తీర్చకపోతే విజయవాడ టోకు వ్యాపారులు సరుకు పంపడం మానేసి అప్పటికే రెండేళ్ళు. "దుకాణం ఎత్తివేత, భారీ తగ్గింపు" అని గుమ్మం మీద కట్టిన బ్యానరుకు మూడేళ్ళు. ఎండకు అందులో "భారీ" వెలిసిపోయింది.

కొనేవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? వచ్చి కూర్చుని, ఆయన పోసిన టీ తాగి, అరగంట తబలా వాయించి, ఫోనులో ఫోటో తీసుకుని, అలాంటి తబలానే ఫోనులో తెప్పించుకునేవాళ్ళు. నెల తిరక్కుండా అది శ్రుతిలో నిలవడం లేదని పానకాలు దగ్గరికే మోసుకొచ్చేవాళ్ళు. ఆయన బాగుచేసి ఇచ్చేవాడు. మజూరీ అడగడానికి మొహమాటం.

సరుకు రాని దుకాణంలో విడి భాగాలు ఎక్కడినుంచి వస్తాయి? నాలోంచి వచ్చాయి. పామర్రు భజన సమాజం వాళ్ళ పెట్టెలో ఒక రీడు విరిగితే, ఆయన నా మూత తీసి, నాదొకటి ఊడదీసి, వాళ్ళదాంట్లో బిగించాడు. "శుక్రవారం కొత్తది వేస్తాలే" అని నాతో అన్నాడు. నాతో కూడా శుక్రవారమే.

అక్కడ ఆగాడా, లేదు. ఆయనకు ఒక సంగతి తెలుసు. నాటకాలకు వాయించే హార్మోనిస్టులు ఎవరొచ్చినా పెట్టెను ఒకే రకంగా పరీక్షిస్తారు. గాలి తిత్తి లాగి, రెండున్నర శ్రుతిలో నాలుగు నిమిషాలు మోహన రాగం వాయించి, తల ఊపి లేస్తారు. మా లెక్కలో తెల్లమెట్లు ఒకటి, రెండు, మూడు. రెండుకూ మూడుకూ మధ్యనున్న నల్లమెట్టు రెండున్నర. అక్కడ మొదలుపెట్టి మోహన వాయిస్తే మూడో మెట్టు మీద వేలు పడాల్సిన పనే లేదు. ఇది కనిపెట్టి, పానకాలు నన్ను నాటకాల వాళ్ళకే చూపించాలని నిర్ణయించుకుని, కింది స్థాయిలో, నడిమి స్థాయిలో, పై స్థాయిలో మూడో మెట్టు రీడ్లన్నీ రెండు వరసల్లోనూ లాగేశాడు. మిగతా మెట్లలో అక్కడక్కడా ఒక్కో తోడును పీకాడు. బయటికి నిగనిగలాడుతూ, లోపల బోసినోరుతో కూర్చున్నాను. ఇంతకన్నా అవమానం పెట్టె జన్మకు ఉండదు.

అలాంటి నన్ను నాగేంద్రమణి కోరుకుంది.

మణి తండ్రి పేరున్న హార్మోనిస్టు. ఆయన దగ్గరే నేర్చుకుంది. ఆయన పోయాక ఆయన పెట్టెను అన్నదమ్ములిద్దరూ నాదంటే నాదని కొట్టుకుని, చివరికి అమ్మేసి పంచుకున్నారు. వాయించడం వచ్చిన కూతుర్ని ఒక్కమాట అడగలేదు. అప్పటినుంచి ఆమె జాకెట్లు కుట్టుకుంటూ బతుకుతోంది. నలభై రెండేళ్ళకు ఒక తలుపు తెరుచుకుంది. యడవల్లి సోమసుందరం అనే ఆయన నడిపే పౌరాణిక నాటక సమాజంలో హార్మోనిస్టుకు వినికిడి పోయింది. రాజు వేషం సోమసుందరానిదే, పెత్తనమూ ఆయనదే. మణి వాయింపు విని, "బాగానే వాయిస్తున్నావమ్మాయ్. మా సమాజంలో హార్మోనిస్టు సొంత పెట్టెతో రావాలి. పరిషత్తు పోటీనాటికి పెట్టె ఉంటే నువ్వు, లేకపోతే బాపట్ల నుంచి ఇంకొకాయన" అన్నాడు.

ఆమె నన్ను చూసుకుని, ఎనిమిది నెలలు కుట్టుకూలి తెచ్చి పానకాలుకు కట్టింది. మొత్తం కట్టేశాక కూడా ఆయన నన్ను ఇవ్వలేదు. రీడ్లు తెప్పించి నింపి ఇద్దామని ఆయన ఆలోచన. ఆ సంగతి చెప్పొచ్చు కదా. చెప్పడు. "పాలిష్ పెట్టి శుక్రవారం ఇస్తానమ్మా." తర్వాత శుక్రవారం తిత్తి వంక. ఆ తర్వాత శుక్రవారం అమావాస్య. ఆమె గుమ్మంలో నిలబడి అద్దంలోంచి నన్ను చూసి వెళ్ళిపోతుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. ఇద్దరిమీదా మండిపోయేది. ఒకరు నిజం చెప్పరు, ఒకరు గట్టిగా అడగరు.

పోటీ రోజు పొద్దున్నే, అద్దె బాకీకని దుకాణం మూయించడానికి ఇంటి యజమాని తాళం పట్టుకుని వచ్చాడు. కబురు ఊళ్ళో పాకింది. ముందుగా డబ్బు కట్టినవాళ్ళందరూ వచ్చి పడ్డారు. వయొలిన్‌కు కట్టినాయన డోలక్ చంకన పెట్టుకున్నాడు. వేణువుకు కట్టినావిడ రెండు కుర్చీలు పట్టుకుపోయింది. ఏమీ కట్టని మనిషి ఒకడు గోడ గడియారం తీసుకుంటూ, ఇంత మంచి దుకాణం పోతోందని బాధపడ్డాడు. పానకాలు స్టూలు మీద కూర్చుని అందరికీ తల ఊపుతున్నాడు.

మణి వచ్చి నన్ను రెండు చేతులా ఎత్తుకుని బయట అరుగు మీద పెట్టింది.

"అమ్మా, ఒక్కమాట వినమ్మా. దాంట్లో కాస్త పనుంది" అన్నాడు పానకాలు.

"ఏ పనైనా ఇక నేనే చూసుకుంటాను పానకాలు గారూ. మధ్యాహ్నం రెండింటికి తెర లేస్తుంది. మీ శుక్రవారాలకు ఒక దండం."

"అది కాదమ్మా..."

ఇంటి యజమాని తలుపు వేస్తున్నాడు. మణి తిత్తి లాగింది. పదకొండేళ్ళకు ఒక మనిషి సొంతమయ్యాను, ఏడుపొచ్చినంత పనైంది. హార్మోనిస్టు కూతురు, వేళ్ళలో అంత విద్య ఉన్న మనిషి, ఆమె ఏం వాయించిందంటారు? రెండున్నరలో మోహన. నాలుగు నిమిషాలు. తల ఊపి లేచింది. మూడు నొక్కవే తల్లీ అని అరవాలనుంది. నొక్కితే తప్ప మాట్లాడలేని జన్మ నాది, నొక్కినా అక్కడ మాట లేదు. బస్సెక్కాం.

పోటీ కల్యాణ మండపంలో. ముందు వరసలో ముగ్గురు న్యాయనిర్ణేతలు. మణి చెమట తుడుచుకుని నా వెనక కూర్చుంది. వేదిక మీద హార్మోనియం ముందు ఆడమనిషిని చూసి రెండో వరసలో ఒకాయన పక్కాయనతో ఏదో అని నవ్వాడు. మొదటి రెండు రంగాలూ బాగా నడిచాయి, మూడో మెట్టుతో పని పడలేదు. తోడు రీడ్లు పోయిన మెట్ల మీద నా గొంతు పీలగా వస్తుంటే ఆమె తిత్తి కాస్త బలంగా వేసి కప్పేసింది. పనితనమంటే అది.

మూడో రంగంలో రాజు పెద్ద పద్యం. సోమసుందరం రెండున్నరలో అందుకున్నాడు. జనం చప్పట్లు కొట్టి వన్స్ మోర్ అన్నారు. ఇలాంటప్పుడు ఆయనకొక అలవాటుంది. రెండోసారి అర శ్రుతి పెంచి పాడతాడు. చూపుడు వేలు పైకెత్తి హార్మోనిస్టుకు సైగ చేస్తాడు. పాతికేళ్ళ కిందట ఆ అర శ్రుతికి హాళ్ళు దద్దరిల్లేవట. ఇప్పుడు ఆయనకు యాభై ఎనిమిది. మూడులో మొదలుపెడితే చివరి రాగాలాపన దగ్గర గొంతు చీలిపోతోంది. అయిదేళ్ళుగా ప్రతి పోటీలోనూ అక్కడే మార్కులు పోతున్నాయని సమాజంలో అందరికీ తెలుసు. ఆయనకు చెప్పే దమ్ము ఎవరికీ లేదు.

వేలు లేచింది. మణి మూడో మెట్టు నొక్కింది.

గాలి వచ్చింది. ఉత్త గాలి, ఉస్సుమని. పై స్థాయిలో నొక్కింది, ఉస్సు. కింద నొక్కింది, ఉస్సు. సోమసుందరం గుడ్లురిమి మళ్ళీ వేలెత్తాడు. ఆమె ఒక్క క్షణం నా మెట్ల వంక చూసింది. చెయ్యి జరిపి రెండున్నర నొక్కి, తిత్తి నిండా గాలి తీసుకుని ఆ స్వరాన్ని అలాగే నిలబెట్టింది. వేరే దారి లేదు. ఆయనకూ లేదు, జనం ఎదురుచూస్తున్నారు. పళ్ళు కొరుక్కుంటూ రెండున్నరలోనే అందుకున్నాడు.

చీలలేదు. చివరి ఆలాపన దాకా గొంతు నిండుగా, హాయిగా సాగింది. అయిదేళ్ళ తర్వాత ఆ పద్యం పూర్తిగా పాడాడు ఆయన. ఉత్తమ పద్య గాయకుడి బహుమతి వచ్చింది. మైకు తీసుకుని, "ఈ వయసులో గొంతును ఎక్కడ అదుపులో పెట్టుకోవాలో తెలిసుండాలి" అన్నాడు. నా తిత్తిలో ఇంకా గాలి ఉండుంటే అక్కడే నవ్వేసేదాన్ని.

తెర వెనక మాట వేరు.

"వేలెత్తితే శ్రుతి మార్చలేదేం?"

"మెట్టు పలకలేదండీ."

"పలకని పెట్టె నాకెందుకమ్మా? వచ్చే నెల గుడ్లవల్లేరులో నాటకం. ఈలోగా బాగుచేయిస్తే రా. లేదంటే బాపట్ల ఆయనకు కబురు పెడతాను."

కిరీటం తీసి ట్రంకు పెట్టెలో పడేసి వెళ్ళిపోయాడు. ఆ రోజు కప్పు ఆయన చేతికి ఎలా వచ్చిందో అక్కడ ఎవరూ అడగలేదు, మణి కూడా చెప్పలేదు. ఈ మనిషి ఎప్పుడు నోరు విప్పుతుందో నాకర్థం కాలేదు.

వారం తర్వాత పానకాలు వెతుక్కుంటూ మణి ఇంటికి వచ్చాడు. దుకాణం పోయింది కదా, భుజాన సంచీ వేసుకుని ఊరూరా తిరిగి పెట్టెలు బాగుచేస్తున్నాడు. మనిషి ముందుకన్నా తేరుకున్నట్టే ఉన్నాడు. మణి నా మూత తీసి ఆయన ముందు పెట్టింది.

"ఎన్ని తీశారు?"

"పధ్నాలుగమ్మా."

"ఆ రోజు వేదిక మీద నా ప్రాణం పోయింది. ముందే చెబితే మీ సొమ్మేం పోయేది?"

"చెబితే నువ్వు డబ్బు వెనక్కి అడుగుతావని భయం. అది అప్పటికే విజయవాడ బాకీకి వెళ్ళిపోయింది." నా లోపలికి తొంగిచూస్తూ అన్నాడు, "తప్పేనమ్మా. ఆడపిల్ల కష్టం తిన్నాను."

మణి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. ఆయన సంచీలోంచి గుడ్డ మూట తీశాడు. పామర్రు భజన సమాజం వాళ్ళు కరెంటు కీబోర్డు కొనుక్కుని పాత పెట్టెను తూకానికి అమ్మేస్తుంటే ఈయన కొన్నాడట. అందులో నా రీడూ, నా మిగతా పదమూడు ఖాళీలకు సరిపోయే ఆ పెట్టె రీడ్లూ ఉన్నాయి. పొద్దున కూర్చుని మధ్యాహ్నం దాకా ఒక్కొక్కటీ గీకి, సరిచేసి, బిగించాడు. మజూరీ అడగలేదు. ఈసారి అది మొహమాటం కాదు. మూడో మెట్టు నొక్కితే నిండుగా, తోడుతో సహా పలికింది. మణి మూడు స్థాయిల్లోనూ అన్ని మెట్లూ వరసగా, ఒక్కటి వదలకుండా నొక్కి చూసుకుంది. ఇప్పటికి వచ్చింది బుద్ధి.

గుడ్లవల్లేరులో ఆదివారం సాయంత్రం నాటకం. మళ్ళీ అదే పద్యం, అవే చప్పట్లు. వన్స్ మోర్ అన్నారు. సోమసుందరం మణి వైపు తిరిగి వేలెత్తాడు. బాగుచేయించావా అన్నట్టు కనుబొమ్మలు కూడా ఎత్తాడు. ఆమె అవునన్నట్టు తల ఊపింది.

ఇన్నేళ్ళకు నా గొంతు నాకు తిరిగొచ్చింది. మూడో మెట్టు మీద వేలు పడుతుందని ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను.

మణి సోమసుందరం కళ్ళలోకి సూటిగా చూస్తూ రెండున్నర నొక్కింది. నొక్కి, వదల్లేదు. ఆయన వేలు మళ్ళీ ఎత్తాడు. ఆమె తల అడ్డంగా ఊపింది, తిత్తి ఆపలేదు. బాపట్ల ఆయన సంగతి ఇద్దరికీ గుర్తుంది, నాకూ గుర్తుంది. హాలంతా కూర్చుని చూస్తోంది. ఆ వేలు కాసేపు గాలిలోనే నిలబడింది. తర్వాత మెల్లగా దిగింది. ఆయన గొంతు సవరించుకుని, ఆమె ఇచ్చిన శ్రుతిలో పద్యం అందుకున్నాడు.