డబ్బా అడుగున కన్నం

మామగారిని పేటలో అందరూ లప్పం మామ అనే పిలిచేవారు. బతుకంతా నీళ్ల ట్యాంకులకీ పైపులకీ కారేచోట్లు మూయడమే ఆయన పని. ఎక్కడ సందు కనబడినా ఆయన బొటనవేలు ఊరుకోదు. ఇంట్లో కిటికీలకి లప్పం, తలుపు చట్రాలకి లప్పం, చివరికి గోడగడియారం అద్దం చుట్టూ కూడా లప్పమే. గడియారంలోకి ఏ వాన వస్తుందని ఎవరూ అడగలేదు. అడిగితే ఆ రోజంతా వినాలి.

ఒంట్లో సత్తువ తగ్గి ట్యాంకులు ఎక్కలేకపోయాక, ఉన్నదంతా ఊడ్చి ఒక ట్రైలర్ కొన్నాడు. దారిలో ఆగిపోయిన కార్లనీ, గుంటల్లో పడ్డ వ్యాన్లనీ లాగి తెచ్చే పని. దాని ముందు భాగంలో బ్యాటరీతో తిరిగే వించ్ ఒకటి ఉంది. మీట నొక్కితే ఇనుప తాడు డ్రమ్ముకు చుట్టుకుంటూ ఎంతటి బండినైనా పైకి ఈడ్చుకొస్తుంది. కరెంటు పని తెలిసినవాడు కనక అల్లుణ్ణి ఇంట్లోనే పెట్టుకున్నాడు.

ఇల్లరికం వచ్చినవాడి బతుకు ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? తిండికి లోటు లేదు, మాటకే విలువ లేదు. అల్లుడు బిగించిన ప్రతి నట్టునీ మామ మళ్లీ ఒకసారి బిగించేవాడు. అదేమిటంటే, "నీ మీద నమ్మకం లేక కాదయ్యా, నట్టు మీద లేక" అనేవాడు. పక్కనున్నవాళ్లు నవ్వేవారు. అల్లుడూ నవ్వేవాడు, నవ్వక చస్తాడా.

ఆ ఏడు వానలకు ముందు మాత్రం మామ నోరు జారాడో, నిజంగానే మనసు కరిగిందో గానీ, భోజనం దగ్గర కూతురి ముందే అనేశాడు.

"వించ్ వైరింగంతా నువ్వే చెయ్యి. ఈ వానాకాలం తడిసి చెడకుండా నిలబడిందంటే ట్రైలర్ నీకే వదిలేస్తా. నేనిక కుర్చీలో కూర్చుంటా."

అల్లుడు చేతిలో ముద్ద కంచంలోనే పెట్టేశాడు. ట్రైలర్ మీద ఆశ లేదంటే అబద్ధం. ఆశే. కానీ అంతకన్నా, "ఇది మా అల్లుడి చేతి పని" అని ఆ నోటితో ఒక్కసారి వినాలని ఉంది.

పాత వైర్లన్నీ పీకేశాడు. కొత్తవాటిని ముడతల పైపులో దూర్చి, చక్రాల బురద తగలకుండా ట్రైలర్ చట్రం లోపలి అంచు వెంట నడిపించాడు. కొసల మీద జిగురు స్లీవులు తొడిగి, అవి ముడుచుకుని అతుక్కునేలా వేడి పెట్టాడు. బిగింపులకి గ్రీజు పూశాడు. వించ్‌కి కరెంటు ఇచ్చి ఆపే రిలే ఉన్న డబ్బాలోకి ఎక్కేచోట ప్రతి వైరునీ ముందు కిందికి ఒక వంపు తిప్పి, అప్పుడు పైకి ఎక్కించాడు. వైరు వెంట జారే నీటిబొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోవాలి మరి. అంతా అయ్యాక, ఆ డబ్బాకి అడుగున చిన్న కన్నం వేశాడు.

మామకి గుండె ఆగినంత పనైంది.

"బంగారంలాంటి డబ్బాకి చిల్లి పెట్టావేంటయ్యా?"

"నీళ్లు పోవడానికి మామయ్యా."

"పోవడానికా, రావడానికా?"

"ఎంత మూసినా లోపల చెమ్మ చేరుతుంది. పగలు వేడెక్కి రాత్రి చల్లారితే డబ్బా లోపలి గోడలకి చెమట పడుతుంది. అది కిందికి కారిపోవాలి. దారి లేకపోతే లోపలే నిలిచి రిలేని తినేస్తుంది."

"కన్నాలు మూసి పిల్లని పెంచినవాణ్ణి. నాకు నీళ్ల సంగతి చెప్తున్నావు."

"ట్యాంకులో నీళ్లు బయటికి పోకూడదు. ఇందులో లోపల ఉండకూడదు. రెండూ ఒకటి కాదు మామయ్యా."

మామ ఇంకేమీ అనలేదు. ఒప్పుకున్నాడనుకున్నాడు అల్లుడు, పిచ్చిమాలోకం. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషికి నాలుగో కాలు చూపిస్తే ఊరుకుంటాడా? ఆ కాలు విరగ్గొట్టి లెక్క సరిచేస్తాడు.

వానలు దంచికొట్టాయి. వించ్ ఎక్కడా మొరాయించలేదు. బాగుందని మామ అనలేదు గానీ, నట్లు మళ్లీ బిగించడం మానేశాడు. అదే పదివేలనుకున్నాడు అల్లుడు.

ముసురు పట్టిన ఒక ఉదయం, మలుపు దగ్గర రొట్టెల వ్యాను ఒకటి కాలవలోకి దిగబడిందని కబురొచ్చింది. ఇద్దరూ వెళ్లారు. వ్యాను డ్రైవరు గట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డాడు. అల్లుడు కొక్కెం తగిలించి వచ్చి మీట పట్టుకున్నాడు. మామ అలవాటు ప్రకారం డ్రమ్ము పక్కకి చేరి, తాడు వరసగా చుట్టుకోవడం లేదంటూ చేత్తో సర్దబోయాడు.

"చెయ్యి తీయండి మామయ్యా. తీస్తేగానీ నడపను."

గొణుక్కుంటూ తీశాడు. వ్యాను మెల్లగా గట్టెక్కింది, ట్రైలర్ మీదికి ముందు చక్రాలు వచ్చాయి. అప్పుడు మామ మళ్లీ చెయ్యి పెట్టాడు. అల్లుడు ఆ క్షణమే మీట వదిలేశాడు. వించ్ ఆగలేదు.

మామ చేతి తొడుగు తాడు కింద చిక్కుకుంది. వెనక్కి తిప్పుదామని అల్లుడు రెండో మీట టపటపా నొక్కాడు. వినలేదు. మళ్లీ నొక్కాడు. మామ అరుస్తున్నాడు. ఇక మీట వదిలేసి బ్యాటరీ దగ్గరికి పరిగెత్తి, పానా వెతికి బిగింపు వదులుచేసి లాగేసరికి మామ అరవడం కూడా మానేసి స్పృహ తప్పాడు.

"ఆ పెద్దాయన అరుస్తుంటే ఈయన మీట నొక్కుతూనే ఉన్నాడు. నా కళ్లతో చూశా," అన్నాడు వ్యాను డ్రైవరు అడిగినవాళ్లందరితో. చూసింది అబద్ధం కాదు, అదే ఖర్మ. ఇక పేట ఊరుకుంటుందా? ఇల్లరికపు అల్లుడు, చేతికందబోయే ట్రైలర్, నలిగిపోయిన మామ చెయ్యి. మూడూ కలిపి కథ అల్లడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గరికి అతను వెళ్లేసరికి మాటలు ఆగిపోయాయి.

మర్నాడు షెడ్డులో డబ్బా విప్పాడు. నీళ్లు బొటబొటా కారాయి. రిలే లోపలి రాగి బిళ్లలు మాడి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మీట వదిలినా కరెంటు పారుతూనే ఉన్నది అందుకే. అడుగున తాను వేసిన కన్నం నిండా సందులు మూసే తెల్లటి సిలికాన్. దాని మీద బొటనవేలితో అదిమిన గుర్తు. అంత నున్నగా అదిమేవాడు ఆ పేట మొత్తానికి ఒక్కడే.

ముందు ఏడుపొచ్చింది. తరవాత, సిగ్గు విడిచి చెప్పాలంటే, సంతోషం కలిగింది. తప్పు నాది కాదు, నా పనిది కాదు. డబ్బాని సంచిలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు.

భార్య వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఉంది. సంచి విప్పి చూపించాడు.

"తెలుసు," అందామె.

"ఏం తెలుసు?"

"సిలికాన్ ట్యూబు నేనే తెచ్చిచ్చాను. మీరు బజారుకెళ్లినప్పుడు నాన్న పూశారు. చెబితే ఇద్దరూ గొడవ పడతారని ఊరుకున్నాను."

అతను డబ్బాని మళ్లీ సంచిలో పెట్టాడు.

"నేను కావాలనే చేశానంటున్నారు అందరూ. అదీ తెలుసా?"

"తెలుసండీ. ఆ చెయ్యి ఇక పనికిరాదన్నాడు డాక్టరు. ఆ చెయ్యి తానే పోగొట్టుకున్నానని తెలిస్తే నాన్న బతకరు. మీకు రెండు చేతులూ ఉన్నాయి. కొన్నాళ్లు ఓర్చుకోండి. ఆయన లేచి తిరిగాక నేనే నెమ్మదిగా చెప్తాను."

"అందాకా ఈ నింద నేను మొయ్యాలా?"

"నాకు తెలుసుగా. నాకు తెలిస్తే చాలదా మీకు?"

ఆ ఒక్క మాటకి పడిపోయాడు. ఆ ఇంట్లో ఇన్నేళ్లూ అతని పక్షాన ఉన్న మనిషి ఆమె ఒక్కతే. లోకమంతా ఉమ్మేసినా ఆమెకు తెలుసు కదా, చాలు అనుకున్నాడు. సంచి మూతి ముడేసి బెంచీ కిందకి తోసి, ఆమె వెంట లోపలికి వెళ్లాడు.

మామ కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని పడుకున్నాడు. ముఖం పీక్కుపోయింది.

"వ్యాను డ్రైవరు వచ్చి వెళ్లాడు. నువ్వు నొక్కుతూనే ఉన్నావన్నాడు. నిజమేనా?"

భార్య మంచానికి అవతల నిలబడి దుప్పటి సర్దుతోంది. తల ఎత్తలేదు.

"నిజమే మామయ్యా," అన్నాడు అల్లుడు. "కంగారులో మీట మీంచి చెయ్యి తీయలేకపోయాను."

మామ ఊపిరి వదిలాడు. ఆ ముఖంలో కోపం ఉండాల్సిన చోట తేలిక కనిపించింది. గుమ్మడికాయల దొంగ తన భుజాలు తడుముకోనక్కర్లేకపోయింది, ఎదుటివాడి భుజం దొరికింది కదా. అంటే చెయ్యి పోయింది ఆ సిలికాన్ వల్లేనని ఈయనకీ తెలుసన్నమాట, అనుకున్నాడు అల్లుడు.

"విన్నావుగా అమ్మా, వాడే ఒప్పుకున్నాడు," అన్నాడు మామ కూతురితో. "ఇక వాణ్ణి ట్రైలర్ దరిదాపులకి రానివ్వకు. వేరే మనిషిని చూద్దాం. నలుగురూ అడిగితే ఇదే మాట చెప్పు."

అల్లుడు భార్య వంక చూశాడు. చెప్తుంది. ఇప్పుడైనా చెప్తుంది.

ఆమె దుప్పటి అంచుని తండ్రి పాదాల కిందికి దోపి, "అలాగే నాన్నా," అంది.