లాజరు రక్తం రిపోర్టు

ఆదివారం మట్టిచేసిన మనిషికి మంగళవారం రక్తపరీక్ష చేశారట! గవర్నర్‌పేట డయాలసిస్ సెంటరు వరండాలో ఆ రిపోర్టు పట్టుకుని తెరేసమ్మ కొయ్యబారి నిలబడింది. చనిపోయిన భర్త లాజరు కాగితాలు తీసుకుపోదామని వచ్చిన మనిషి ఆమె.

కంకిపాడు నుంచి డయాలసిస్‌కు వచ్చిన శౌరమ్మ ఆ రిపోర్టు అందుకుని చూసింది. ఫాస్ఫరస్ నాలుగు పాయింట్ ఎనిమిది. తన సంచిలోని కాగితం తీసింది. అదే అంకె. టైలరు ఖయ్యూమ్‌దీ అదే. ఆ పూట వంతుకొచ్చిన ఎనిమిది మందిదీ అదే!

పరీక్ష చెయ్యకుండానే అంకె వేసేస్తున్నారు, ఎంత దుర్మార్గం! పోయిన నెలల్లోనూ ఇదే అంకె చూసే కదా లాజరు మానేసిన పప్పూ ఎండుచేపలూ మళ్లీ ముట్టుకున్నాడు. రక్తం బాగుందని కాగితం అందరికీ చూపించి మురిసిపోయాడు. లోపల ఫాస్ఫరస్ పేరుకుని రక్తనాళాలు సున్నం పట్టి బిగుసుకుపోతున్నాయని ఎవరికి తెలుసు? ఇక్కడివాళ్ల పలకరింపే వేరు. ఒకరి ముంజేతి మీద ఒకరు చెయ్యి వేసి చూస్తారు. మిషను సూదులు గుచ్చే నరం రక్తం పారుతూ గుయ్‌మంటుంటే నిశ్చింత. పోయిన వారం లాజరు చెయ్యి పట్టుకుంటే శౌరమ్మకు ఏమీ తగల్లేదు.

"కంప్యూటర్ తప్పమ్మా," అన్నాడు సెంటరు నడిపే కాంట్రాక్టరు పెట్టిన మేనేజరు. "గొడవ చేశారంటే మీ వంతులు వేరేవాళ్లకిచ్చేస్తాం. ఎంతమంది ఎదురుచూస్తున్నారో తెలుసా?"

అందరి తలలూ వంగిపోయాయి. రక్తం శుభ్రం చేసే ఆ మిషను తప్పితే చావే. పని ఆపి ఇంటికి పోయే కూలీలైతే సమ్మె చేస్తారు, వీళ్లేం చేస్తారు?

"ఇయ్యాల మిషను సూదికి ఎవరం చెయ్యి ఇవ్వొద్దు," అంది శౌరమ్మ.

"మతిపోయిందా అక్కా!" ఖయ్యూమ్ కసిరాడు. "నిలబడితేనే ఆయాసపడతన్నావు. ముందు పోయేది నువ్వే."

"సూదికి చెయ్యిచ్చిన లాజరన్న పోలేదా?"

మేనేజరు తెలివైనవాడు. "శౌరమ్మగారూ, మీరు రండి. ముందు మీకే పెడతాం," అన్నాడు.

శౌరమ్మ లోపలికి వెళ్లి మంచమ్మీద కూర్చుంది. ఖయ్యూమ్ ముఖం తిప్పుకున్నాడు. టెక్నీషియన్ సూది తెచ్చేసరికి ఆమె చేతిని కొంగులో చుట్టేసుకుంది.

"ముందు మా ఎనిమిది మందికీ రక్తం తియ్యండి. ఆ ట్యూబులు తెరేసమ్మకివ్వండి. బయట ల్యాబులో మేమే చూపించుకుంటాం. ఆ తర్వాతే మిషను."

"ఈలోపు చచ్చిపోతావు!"

"పోతే ఏందంటా? పోయినోళ్ల రక్తం గూడా తీస్తారుగా మీరు!"

ఖయ్యూమ్ గబగబా వచ్చి పక్క మంచం ఎక్కి, చొక్కా చెయ్యి కిందికి లాగి గుండీ పెట్టుకున్నాడు. వెనకాలే మిగతా ఆరుగురూ వచ్చారు. మేనేజరు పోలీసులకు ఫోను చేశాడు.

గంట గడిచింది. శౌరమ్మకు ఊపిరి అందడం లేదు, భయం వేస్తోంది. మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. ఆమె చెయ్యి చాపి ఖయ్యూమ్ ముంజేతి మీద వేసింది.

"నరం మోగతంది తమ్ముడూ."

"నీదీ మోగతందక్కా," అన్నాడు ఖయ్యూమ్.

తలుపు తెరుచుకుంది. ఎనిమిది మందిలో ఒక్కరూ మిషను సూదికి చెయ్యి చాపలేదు.